తవిటయ్య రిలీవరు

గోపిని ఎవరైనా ఆలస్యం చేయవచ్చు గానీ గోపి ఎవరినీ ఆలస్యం చేయడు. కూర్మన్నపాలెంలో అతన్ని ఎరిగినవాళ్ళంతా ఒప్పుకునే మాట ఇది. నలభైకి దగ్గరపడ్డాడు, పెళ్ళి ఊసెత్తితే లేచి వెళ్ళిపోతాడు. స్టీలుప్లాంటులో బొగ్గు మోసే బెల్టు దగ్గర ఆపరేటరు ఉద్యోగం. అక్కడ ఒక కట్టుబాటుంది. టైమయిందని ఎవరూ కుర్చీలోంచి లేచిపోరు. తరవాతి షిఫ్టు మనిషి, అంటే రిలీవరు, వచ్చి ఎదురుగా నిలబడాలి, అప్పుడే లేవాలి. వాడు రాకపోతే ఆకలేసినా, ఇంటికి చుట్టాలొచ్చినా అక్కడే పడి ఉండాలి. అందుకే ఆలస్యంగా వచ్చే రిలీవరంటే అందరికీ ఒళ్ళుమంట.

గోపి రిలీవ్ చేసేది తవిటయ్యని. పని నేర్పిన పెద్దమనిషి, వరసకి ఏమీ కాకపోయినా మావా అనే పిలుస్తాడు. ఆ ఆదివారం నెలాఖరు. మధ్యాహ్నం రెండింటికి తవిటయ్య ఆఖరి షిఫ్టు అయిపోయి రిటైరైపోతాడు. ఆయన భార్య ఆదిలక్ష్మమ్మ కూర్మన్నపాలెం జంక్షన్లో డప్పులు పెట్టించింది, దండలు తెప్పించింది, ఊళ్ళోంచి చుట్టాలందరినీ దింపింది. గోపి అరగంట ముందే వచ్చి ఆయన్ని కుర్చీలోంచి లేపుతానని మాటిచ్చాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆఖరి రోజైనా ఆ మనిషి టైముకి ముందే బయటపడాలని అతని పట్టుదల.

మరి అంత పట్టుదల ఉన్నవాడు ముందురోజు అరకు ఎందుకు వెళ్ళాడయ్యా అంటే, నరేష్ గాడి వల్ల. కంచరపాలెంలో కలిసి గోళీలాడిన స్నేహితుడు, ఇప్పుడు ఆటోనగర్లో వెల్డింగు షాపు. కొత్తగా ఒక పాత కారు కొన్నాడు. పెళ్ళాం నీలిమనీ, ఇద్దరు పిల్లల్నీ అరకు తిప్పాలని సరదా, ఘాట్ రోడ్డు మీద స్టీరింగు పట్టాలంటే వణుకు. నువ్వే నడపాలి బావా, ఆదివారం తెల్లారీసరికి బయల్దేరిపోదాం అని ప్రమాణం చేశాడు. గోపి నమ్మాడు. పిల్లలున్నవాళ్ళు చేసే ప్రమాణాలు ఎలాంటివో పెళ్ళికాని వాడికి ఏం తెలుస్తుంది?

ఆదివారం అరకులో తెల్లారింది. గోపి స్నానం చేసి, తల దువ్వుకుని, కారు తాళాలు పట్టుకుని లాడ్జి గుమ్మంలో నిలబడ్డాడు. పిల్లాడు సాయిశంకర్ చెప్పు ఒకటి కనిపించలేదు. అది దొరికేసరికి పిల్ల సాయిదుర్గ మళ్ళీ నిద్రపోయింది. నాలుగేళ్ళ పిల్ల, ఇంట్లో దుగ్గి అంటారు. ఆ దుగ్గిని లేపి, ఏడుపు ఆపి కారెక్కించేలోగా, ఖాళీ కడుపుతో ఘాట్ దిగకూడదంటూ నీలిమ పూరీలు తెప్పించింది. ఒకటి కాదు, రెండు కాదు, పిల్లలు చాలంటున్నా నోట్లో కుక్కింది. గోపి వాచీ చూసుకున్నాడు, నరేష్ వైపు చూశాడు. నరేష్ ఇంకో పూరీ తీసుకున్నాడు.

మూడో మలుపు తిరిగారో లేదో, దుగ్గి ముందు సీట్ల మధ్యలోంచి లేచి గోపి భుజం మీద కక్కేసింది. ఉతికి ఇస్త్రీ చేయించుకున్న తెల్లచొక్కా. తవిటయ్యకి దండ వేయాలని ప్రత్యేకంగా తెచ్చుకున్నది. నోరు తెరిస్తే ఇంక ఆగడని గోపికి తెలుసు. కారు పక్కకి ఆపి, వాగులో చొక్కా తడిపి, పిండి, మళ్ళీ అదే తొడుక్కున్నాడు. పిల్లకి వాసన చూపించడానికి నిమ్మకాయ ఉంటే బాగుండునని మాత్రం పైకి అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

సాయిశంకర్ బుద్ధిమంతుడు. మావయ్య నిమ్మకాయ అడిగాడని కారు ముందుకు పరిగెత్తి, బంపరుకి మిరపకాయలతో కలిపి కట్టిన దిష్టి నిమ్మకాయ తెంపి తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టాడు. నీలిమ అది చూసి కారు దిగి రోడ్డు పక్కన రాయి మీద కూర్చుంది.

"దిష్టి నిమ్మకాయ తెంపీసి ఘాట్ దిగుతారేటి? కొత్త నిమ్మకాయ కట్టీదాకా నాను కదల్ను, అన్నయ్యా," అంది.

గోపి బతిమాలాడు. తెంపిందే మళ్ళీ కట్టేద్దామన్నాడు. తెంపింది కట్టకూడదట. నరేష్ వెనక్కి, ముందుకీ నడిచి ఒక దుకాణం పట్టుకున్నాడు. అక్కడ చిప్స్ ఉన్నాయి, బొంగులో చికెన్ ఉంది, నిమ్మకాయ లేదు. చివరికి సంతకి వెళ్ళే ఒక ముసలామె బుట్టలో దొరికాయి. దారం కోసం సాయిశంకర్ బొమ్మ గాలిపటం తాడు తెంపాల్సొచ్చింది. దానికి వాడు ఎస్.కోట దాకా ఏడ్చాడు. అక్కడ దుగ్గికి ఒంటికి వచ్చింది. కొత్తవలస దాటాక మళ్ళీ వచ్చింది. గోపికి తలప్రాణం తోకకొచ్చింది. ఈ జన్మలో పిల్లలున్నవాళ్ళ కారెక్కితే తన పేరు మార్చేయమని మనసులో ఒట్టు పెట్టుకున్నాడు. పిల్లల మీద కోపం, పూరీల మీద కోపం, తీరిగ్గా పాటలు మారుస్తున్న నరేష్ మీద మరీ కోపం. అన్నిటికీ కింద ఒకటే బెంగ: మావ ఆ కుర్చీలో కూర్చుని తలుపు వైపు చూస్తూ ఉంటాడు.

కూర్మన్నపాలెం చేరేసరికి రెండు దాటి చాలాసేపయింది. జంక్షన్లో డప్పులవాళ్ళు నీడన గొంతుక్కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. దండలు ఎండకి వాడిపోతున్నాయి. పట్టుచీర కట్టుకున్న ఆదిలక్ష్మమ్మ కారులో గోపిని చూసి దగ్గరికొచ్చింది.

"నువ్విక్కడున్నావేటి, బావూ? మరి మీ మావ కాడ ఎవలున్నారు?"

గోపి కారు తాళాలు నరేష్ చేతిలో పెట్టాడు. కారు దిగి, అటుగా పోతున్న ప్లాంటు మనిషి బండెక్కి గేటు లోపలికి వెళ్ళిపోయాడు.

తవిటయ్య కుర్చీలోనే ఉన్నాడు. తలమీద హెల్మెట్, ఒళ్ళో చేతులు. గోపిని చూసి లేచాడు. రోజూ చెప్పినట్టే, రెండో బెల్టు కొంచెం పక్కకి జరుగుతోంది చూసుకోమని అప్పగించాడు. అప్పుడు ముక్కు ఎగబీల్చి, ఆ వాసనేమిటని అడిగాడు. అంతే, గోపి కట్టలు తెంచుకున్నాడు. చెప్పు దగ్గర్నుంచి నిమ్మకాయ దాకా మొత్తం వెళ్ళగక్కి, పిల్లల్ని తిట్టి, నరేష్‌ని తిట్టి, చివరికి తనని తానే తిట్టుకున్నాడు. తవిటయ్య అంతా విని, ఆ పసుపు మరక వంక చాలాసేపు చూశాడు.

"సర్వీసంతా టయానికే ఒచ్చాను, అల్లుడా. ఇద్దరు పిల్లల్ని కన్నాను. నా సొక్కా మీద ఒక్క పిల్లా కక్కనేదు. నానింటికాడ ఎప్పుడున్నాను గనక?"

కోపంగా అనలేదు, ఓదార్పుగానూ అనలేదు. హెల్మెట్ తీసి మేకుకి తగిలించి, క్యారేజీ పట్టుకుని బయటికి నడిచాడు. వెంట వెళ్ళాలని గోపి ప్రాణం కొట్టుకుంది. కుర్చీ వదిలే వీల్లేదు. కూర్చున్నాడు.

టీ వేళకి నరేష్ ఫోన్ చేశాడు. ముందే, తిట్టకు బావా అన్నాడు. డప్పులు చూసి పిల్లలు జంక్షన్లోంచి కదల్లేదట. తవిటయ్య బండి దిగి, ఆదిలక్ష్మమ్మ ఇచ్చిన కొత్త పట్టుచొక్కా తొడుక్కోగానే దుగ్గి ఎదురెళ్ళి గంతులేసిందట. ఆయన ఎత్తుకుని భుజాన కూర్చోబెట్టుకుని, నీలిమ వద్దంటున్నా లడ్డూ మీద లడ్డూ తినిపించాడట.

"ఇంకేటుంది బావా. ఆ కొత్త పట్టుసొక్కా మీద కక్కీసింది."

గోపి కళ్ళు మూసుకున్నాడు. మావ ఏమన్నాడని అడిగాడు.

"ఏటీ అననేదు. ఆదిలక్ష్మమ్మగారు నీల్లు అట్టుకొస్తే వద్దన్నాడు. సొక్కా కూడా మార్చనేదు. దుగ్గినెత్తుకుని అలాగే ఊరేగుతన్నాడు. ఆవిడ సిరాకు పడిపోతంది, నువ్వైనా సెప్పు బావా."

"ఊరేగనీ," అన్నాడు గోపి. "ఎవలూ ఆపకండి."