చెంపతో చూసే అత్త

మా మేనత్త ఉన్నిని చేత్తో కాదు, చెంపతో చూసేది. గొర్రెల ఉన్ని కత్తిరించిన రోజు మేమంతా ఒకే కుప్ప పోసేవాళ్లం. ఆమె దాని ముందు కూర్చుని, పిడికెడు పిడికెడు చెంపకు రాసుకుంటూ మెత్తదనాన్ని బట్టి మూడు కుప్పలు చేసేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేది.

గరుకు బట్ట ఆమెకు నిప్పులా తగిలేది. కుట్లు ఒంటికి తగలకుండా రవికను తిరగేసి తొడుక్కునేది. ఎవరి చేయి తగిలినా ఉలిక్కిపడేది. ఊళ్లో పిచ్చిది అనేవాళ్లు.

గొంగళ్లు నేసే మా బాపు విసుక్కునేవాడు. "గొంగడన్నంక గుచ్చకుంట ఉంటదా?"

ఆమె గొర్రెపిల్లల మొదటి ఉన్నిని వేరుగా వడికి, ఆ నూలు బాపు ముందు పెట్టింది. ఆయన గొణుక్కుంటూనే నేశాడు. మగ్గం మీంచి దించిన గొంగడిని భుజాన వేసుకుని, అంచును రెండు మూడు సార్లు మెడకు రాసుకున్నాడు.

"మల్ల గసొంటి నూలే వడుకు చెల్లె," అన్నాడు చివరికి.

తెలంగాణ వచ్చిన ఏడు నేను డిగ్రీకి మహబూబ్‌నగర్ బయలుదేరుతుంటే, అత్త ఆ గొంగడి తెచ్చి అంచును నా చెంపకు ఆనించింది. నా కళ్లలోకి మాత్రం చూడలేదు.

"గుచ్చుతాందా?"

"లేదత్తా."

ఇప్పుడామె లేదు. ఆ మాట నన్ను మళ్లీ ఎవరూ అడగలేదు.

మొన్న దవాఖానలో డాక్టరు నా బిడ్డకు ఆటిజం అని చెప్పి, బట్టల కుట్లను, మనిషి స్పర్శను ఎందుకు ఓర్చుకోలేదో వివరిస్తుంటే, నాకు అత్త గురించే చెబుతున్నట్టు అనిపించింది. బిడ్డ నన్ను పక్కలోకి రానివ్వదు. ఆ గొంగడిని మాత్రం చెంప కింద పెట్టుకుని నిద్రపోతుంది.

గుచ్చుతుందేమోనని నేను ఒక్కసారి కూడా చూడలేదు. అత్త ఎప్పుడో చూసిపెట్టింది.