తెరలో ఎడమ సగం

సార్ పోయారన్న సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. అంబర్‌పేట్‌లో నేను పాఠాలు చెప్పే కాలేజీలో క్లాసు ముగించుకుని స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చి ఫోన్ చూస్తే, మా పాత విద్యార్థుల గ్రూపు నిండా చేతులు జోడించిన బొమ్మలే. వాటిని జరుపుకుంటూ పైకి పోతే ఎవరో పెట్టిన ఒక్క వాక్యం కనబడింది. పొద్దున, తార్నాకలో, ఇంట్లోనే. రావలసిన వార్తే, నెలల నుంచి ఎదురుచూస్తున్న వార్తే. అయినా కుర్చీలో కూలబడ్డాను. పక్క సీటు ఆవిడ నీళ్లిచ్చి ఎవరని అడిగింది. "మా సార్" అన్నాను.

క్యాంపస్‌లో సంతాపసభ పెట్టారు. పెద్దపెద్దవాళ్లు వచ్చి ఆయన చేపట్టిన పదవులు, కూర్చున్న కమిటీలు వరసపెట్టి చెప్పారు. వింటుంటే నాకు ఒళ్లు మండింది. రాయి కనబడితే నాలుకతో తడిపి చూసే మనిషి గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నన్ను మాట్లాడమంటే మైకు పక్కవాళ్లకు ఇచ్చేశాను. అందుకే ఇలా రాసుకుంటున్నాను.

సార్ మాకు భూగర్భశాస్త్రం చెప్పేవారు. తడిపితే రాయి రంగు తేటపడుతుంది, నీళ్ల కోసం వెతుక్కోవడమెందుకని నాలుక పెట్టేసేవారు. ఆయన భార్యను మేమంతా ఆంటీ అనేవాళ్లం. "మీ సార్‌కు నా కూరల కంటే గా రాళ్లే రుచి బిడ్డా" అని ఆంటీ దెప్పేది. ఎవరైనా భోజనానికి పిలిస్తే ఈయన నేరుగా వంటింట్లోకి నడిచి, జేబులోంచి భూతద్దం తీసి, పొయ్యి కింది గ్రానైట్ బండ మీదికి వంగిపోయేవారు. గృహప్రవేశాలకు తీసుకెళ్లాలంటే ఆంటీకి హడలు. తార్నాకలో మెట్రో స్తంభాలకు గుంతలు తవ్వినన్నాళ్లూ పొద్దున నడక మానేసి ఆ గుంతల దగ్గరే నిలబడ్డారు. పనివాళ్లు ఆయన కోసం మంచి ముక్క ఒకటి పక్కన పెట్టి ఉంచేవారట.

ల్యాబులో ఆయనది ఒకటే పాట. "చూసింది ముందు చెప్పు. అనుకున్నది తర్వాత చెప్పు." రాయిని గాజుపలకకు అతికించి, వెలుతురు దూరిపోయేంత పలచగా అరగదీసి మైక్రోస్కోప్ కింద పెడితే, నల్లగా తెల్లగా కనబడే మామూలు రాయిలో ఎన్నెన్ని రంగులో. నాకు తొందర ఎక్కువ. కన్ను పెట్టీ పెట్టకముందే "మైక్రోక్లిన్ సార్" అనేదాన్ని.

"అది పేరు. ఏం కనబడ్తున్నదో చెప్పు."

"గళ్లు సార్. లుంగీ గళ్లలాగా ఉన్నాయండీ."

"ఆ. గళ్ల లుంగి కట్టుకున్నోడే మైక్రోక్లిన్. ఇగ జిందగీల మర్చిపోవు."

మర్చిపోలేదు. ఇప్పటికీ మా ఆయన లుంగీ ఆరేస్తుంటే నాకు ఆ ఖనిజం పేరే గుర్తొస్తుంది.

సార్ రిటైరయ్యాక డిపార్ట్‌మెంట్‌లో ఓ పాతగది ఖాళీ చెయ్యాలని పైవాళ్లు అన్నారు. అందులో తాను, తన విద్యార్థులు అరగదీసిన గాజుపలకలు చెక్కపెట్టెల నిండా ఉన్నాయి. అవి ఎక్కడ చెత్తలోకి పోతాయోనని అన్నీ ఇంటికి తెచ్చుకున్నారు. మైక్రోస్కోప్‌కు కెమెరా తగిలించి, ఒక్కో పలకను ముక్కలు ముక్కలుగా ఫోటోలు తీసి, కంప్యూటర్‌లో ఒకే పెద్ద బొమ్మగా అతికించడం మొదలుపెట్టారు. మైక్రోస్కోప్ లేని కాలేజీల పిల్లలు కూడా చూడాలని ఆయన ఆశ. ఆ రాళ్లన్నిటినీ మరొక్కసారి తన కళ్లతో చూసి, ఏది ఏదో రాసి వదిలిపోవడం తప్ప ఆయనకు ఇంకో కోరిక లేదు.

పాత కంప్యూటర్ ఆ పెద్ద బొమ్మలను మోయలేకపోయింది. తెర మినుకుమనేది, ఉన్నట్టుండి నల్లబడేది. గ్రాఫిక్స్ కార్డు పోయిందని షాపతను చెప్పాడు. మా కాలేజీలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా నన్నే పిలుస్తారు కాబట్టి, సార్ కూడా కొత్త కార్డు కొని, బిగించడానికి నన్నే పిలిచారు.

ఓ ఆదివారం లాలాగూడలోని మా ఇంటి నుంచి స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకుని బయల్దేరాను. కంప్యూటర్ మూత విప్పి పాత కార్డు ఊడబీకాను. సార్ టార్చి పట్టుకున్నారు. కొత్త కార్డు పొడుగుది, ఇరికించేసరికి వేళ్లు గీరుకుపోయాయి. స్విచ్ వేస్తే లోపల ఫ్యాన్లు బాగానే తిరిగాయి. తెర మీద మాత్రం సిగ్నల్ లేదన్న మాట తప్ప ఇంకేం లేదు. కార్డు తీసి మళ్లీ పెట్టాను. దానికి వెళ్లే కరెంటు తీగ ఊడదీసి మళ్లీ గుచ్చాను. అదే మాట.

సార్ టార్చి వెనక వైపు తిప్పారు. "బిడ్డా, మానిటర్ వైరు కార్డుకు పెట్టనేలేదు గద."

నిజమే. తొందరలో మదర్‌బోర్డుకున్న వేరే రంధ్రంలో గుచ్చేశాను. మార్చగానే బొమ్మ వచ్చింది. అక్షరాలు పలకంత లావు, అంచులన్నీ అలుక్కుపోయినట్టు. పాత కార్డు డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఇంకా లోపలే కూర్చుందని తెలిసి, దాన్ని తీసేసి కొత్తది ఎక్కించాను. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసేసరికి తెర కడిగిన అద్దంలా వచ్చింది. సార్ ముచ్చటపడి వెంటనే మౌలాలి గుట్ట గ్రానైట్ బొమ్మ తెరిచారు. కాసేపు చూశారు.

"మంచిగున్నది. ఎడమ దిక్కే జర కోసుకపోయినట్టున్నది."

నాకు ఎడమ మూల వరకూ నిక్షేపంగా కనిపిస్తోంది. ఒక్కోసారి కార్డు మానిటర్‌ను టీవీ అనుకుని బొమ్మను సాగదీస్తుంది, అప్పుడు అంచులు తెర బయటికి పోతాయి. అదేమోనని సెట్టింగుల్లోకి వెళ్లి బొమ్మను కుదించాను. ఇప్పుడు చుట్టూ నల్లటి పట్టీ వచ్చింది. "ఎట్లున్నది?" అని సార్ నన్నే అడిగారు.

"నాకు మొత్తం కనిపిస్తోందండీ సార్."

"నాకు ఎడమ దిక్కు లేదమ్మా."

అక్కడి నుంచి మా ఆదివారాలన్నీ దానికే పోయాయి. సార్‌కు ఇంకో పట్టుదల ఉండేది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే లోపం ఎందులో ఉందో ఎప్పటికీ తెలియదనేవారు. ఒక వారం వైరు మార్చాం. ఇంకో వారం మా ఇంటి మానిటర్‌ను దుప్పట్లో చుట్టి ఆటోలో తెచ్చాను. తర్వాత మినుకుమనే పాత కార్డే మళ్లీ పెట్టి చూశాం. ప్రతిసారీ మౌలాలి బొమ్మే తెరిచేవారు, ప్రతిసారీ అదే మాట. షాపతనికి ఫోన్ చేస్తే, "కార్డు మంచిగనే ఉన్నది మేడమ్, సార్‌కు అద్దాలు మార్పియ్యున్రి" అని నవ్వాడు. సార్ కూడా నవ్వారు. ఆయన అద్దాలు కొత్తవే.

మధ్యలో ఓ రోజు ఎడమ పక్కన పెట్టిన టీ గ్లాసును మోచేత్తో తోసేశారు. టీ కీబోర్డంతా పారింది. "చూసుకోరాదా, కండ్ల ముందటనే పెట్టిన గద" అని ఆంటీ గుడ్డ తెచ్చింది. సార్ గ్లాసు వైపు వింతగా చూస్తూ ఉండిపోయారు.

ఆ తర్వాతి ఆదివారం, షాపతనికి పంపుదామని తెరను నా ఫోన్‌లో ఫోటో తీశాను. సరిగ్గా వచ్చిందో లేదో చూడమని సార్ చేతికిచ్చాను.

"సగమే తీసినవేందమ్మా" అన్నారు.

నేను ఫోన్ వైపు చూశాను. ఫోటోలో తెర మొత్తం ఉంది. ఈ మూల నుంచి ఆ మూలకు. నా ఫోన్‌కూ ఆయన గ్రాఫిక్స్ కార్డుకూ ఏ సంబంధమూ లేదు. తలెత్తి ఆయన వైపు చూశాను.

నా ముఖం చూసి ఆయనకు అర్థమైపోయింది. ఫోన్ బల్ల మీద పెట్టి, అరచేత్తో ఒక కన్ను మూసుకుని చూశారు. ఆ చెయ్యి తీసి రెండో కన్ను మూసుకుని చూశారు. ల్యాబులో మాకు నేర్పినట్టే, నింపాదిగా.

"కన్ను గాదు బిడ్డా. రెండిటికీ ఒక్క తీరుగనే ఉన్నది. దాని ఎనకాల ఏదో ఉన్నది."

వంటింట్లోంచి ఆంటీ కేకేసింది. "ఏమాయె, దొరికిందా?"

"దొరికింది" అన్నారు సార్.

"హమ్మయ్య. ఇగ ఆ డబ్బ మూసి రాండ్రి, ఉప్మా సల్లారిపోతున్నది."

మేమిద్దరం వెళ్లి ఉప్మా తిన్నాం. ఆంటీ ఎంత సంతోషంగా ఉందంటే నిమ్మకాయ ఊరగాయ కొత్త జాడీ తీసింది. గుమ్మం దాకా వచ్చి సార్ నెమ్మదిగా అన్నారు. "కార్డు మంచిదే. వాపస్ ఇయ్యకు."

స్కాన్‌లో మెదడు కుడి వెనక భాగంలో గడ్డ కనిపించింది. డాక్టర్ ఏవేవో చెబుతూ అసలు మాటకు రావడం లేదు. "డాక్టర్ సాబ్, మీరు చూసింది చెప్పున్రి. అనుకున్నది తర్వాత" అన్నారు సార్. డాక్టర్ తెర ఇటు తిప్పాడు. సార్ తల మొత్తం ఎడమకు తిప్పి, తన గడ్డను తానే చాలాసేపు చూశారు. "అంచు సాఫ్ లేదు. పక్క రాయిలకు పాకినట్టున్నది" అన్నారు. డాక్టర్ అవునన్నట్టు తలూపాడు. ఆంటీ నా చెయ్యి పట్టుకుంది, ఎముకలు నొప్పెట్టేంత గట్టిగా.

ఆపరేషన్ చేసినా తీసేయగలిగింది కొంచెమే అన్నారు. అది కూడా చేశారు. మందులు, రేడియేషన్ కరెంటు, అన్నీ అయ్యాయి. కంప్యూటర్ అయితే వైరు మార్చాను, మానిటర్ మార్చాను, ఏదో ఒకటి చెయ్యడానికి చేతుల్లో ఉండేది. ఇక్కడ మార్చడానికి ఏమీ లేదు. హాస్పిటల్ వరండాలో కూర్చుని ఫోన్‌లో ఆ జబ్బు గురించి వెతికేదాన్ని. అంతా చదివి, చివరికి ఫోన్ సంచిలో పడేసి ఏడ్చేదాన్ని. ఏడ్చి ముఖం కడుక్కుని లోపలికి పోతే, "ఏందమ్మా, పడిశం పట్టిందా" అని అడిగేవారు. తెలిసే అడిగేవారు.

కొద్దిగా కోలుకున్నాక మళ్లీ బొమ్మల ముందు కూర్చున్నారు. మానిటర్‌ను బల్లకు కుడి చివరకు జరిపాను. అయినా చాలలేదు. చూపు నా వంతు, పేరు ఆయన వంతు అయింది. "ఎడమ మూలల ఏమున్నది?" అనేవారు. "గోధుమరంగు రేకులు సార్, పుస్తకంలో కాగితాల్లాగా" అనేదాన్ని. "బయోటైట్ అని రాయి" అనేవారు. ఆయన ముందు కూర్చుని మొదటిసారి నేను తొందరపడకుండా చూశాను. అలా ఓ రెండు పెట్టెలు అయ్యాయి. తర్వాత పేర్లు కూడా దొరకడం మానేశాయి. నేను గళ్లున్నాయని చెబితే, కళ్లు మూసుకుని పెదాలు కదిలించి, కదిలించి, చివరికి నా వైపు చూసేవారు. నేను చెప్పాలా, వద్దా. చెబితే బాధపడతారేమో, చెప్పకపోతే అలా వెతుక్కుంటూనే ఉంటారు. ఆ పేరు నాకు నేర్పింది ఆయనే. మిగతా పెట్టెలు తెరవనేలేదు.

ఆయన్ను చివరిసారి చూసింది ఓ మధ్యాహ్నం, భోజనం వేళ. నేను వెళ్లేసరికి ఆంటీ పెరుగన్నం మెత్తగా కలిపి కంచంలో పెట్టింది. సార్ తనంతట తానే తింటున్నారు. కుడి సగం తిని చెయ్యి ఆపారు. ఎడమ సగంలో అన్నం ముట్టుకోకుండా అలాగే ఉంది. ఆయన లెక్కలో అది లేదు.

"ఇంతేనా?" అన్నారు, చిన్నబుచ్చుకున్నట్టు.

ఆంటీకి అది రోజూ చేసే పనే కాబోలు, కంచం అంచు పట్టుకుని అటుది ఇటు వచ్చేలా తిప్పింది.

"ఇంక ఉన్నదే" అన్నారు సార్. ఆ ముఖంలో సంతోషం చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను. మెల్లగా, ఒక్కో ముద్దా తిన్నారు. వేలితో కంచం తుడిచారు.

"అయిపోయిందే."

నిజంగానే అయిపోయింది, కంచంలో ఒక్క మెతుకు లేదు. ఆంటీ కూడా చూసింది. చూసి కూడా, చెయ్యి చాచి ఆ ఖాళీ కంచాన్ని ఇంకోసారి తిప్పింది.