హారన్ కొట్టని ఆటో

నాసిర్ బొటనవేలు హారన్ మీట దాకా పోతుంది. అక్కడ ఆగుతుంది. మళ్లీ హ్యాండిల్ మీదికి వస్తుంది. ప్రొద్దుటూరులో ఆటో నడపడం మొదలుపెట్టి రెండేళ్లయినా ఆ వేలు ఇంకా అట్లాగే పోయి వస్తోంది.

అంతకుముందు కువైట్‌లో ఒకరింట్లో పద్నాలుగేళ్లు కారు నడిపాడు. మొదటి వారం ఒకసారి హారన్ కొడితే ముందు కారులోని మనిషి దిగివచ్చి అరబ్బీలో చాలాసేపు తిట్టాడు. అప్పటినుంచి ఎవరైనా అడ్డం వస్తే నాసిర్ బండి ఆపుతాడు. ఎదుటివాళ్లు తనను చూసేదాకా ఉంటాడు.

మంగళవారం పొద్దున అట్లాగే ఆపాడు. బడికి తీసుకుపోయే నలుగురు పిల్లల్లో ఇంకా శిల్ప ఒక్కతే ఎక్కాలి. ఆ పాప ఇంటి ముందు పూలమ్మే సుగుణమ్మ, మేడమీదున్న శిల్ప తల్లి మంజుశ్రీకి కనకాంబరాల దండ ఎత్తి చూపిస్తూ వెనక్కి నడిచింది. ఆగి ఉన్న ఆటోకు తగిలి పడింది. మణికట్టు వాచింది.

"హారన్ లేదాప్పా నీ బండికి?"

"ఉందమ్మా. నేను నిలబడే ఉండా గదా."

"నువ్వు నిలబడింది నాకెట్లా తెలుస్తాది? నా కండ్లు వీపున ఉండాయా?"

మంజుశ్రీ పైనుంచి అంది. "ఆమె వెనక్కి వస్తాంటే చూస్తా కూచుంటివి గదన్నా. రేపు శిల్పను పంపేది లేంది ఆలోచన చేస్తా."

ఆమె మానిపిస్తే మిగతా ముగ్గురు తల్లులూ మానిపిస్తారు. బండి ఆపినవాడిది తప్పెట్లా అయిందో నాసిర్‌కు అర్థం కాలేదు. తప్పు కాదని కూడా అనిపించలేదు. సాయంత్రం ఇంటి ముందు, ఖాళీ ఆటోలో కూర్చుని హారన్ ఒకసారి నొక్కాడు. భార్య షరీఫా బయటికి వచ్చింది.

"ఎవరిని పిలుస్తాండావు?"

"ఎవరినీ లేదు."

"మరి ఎందుకు కొడ్తివి?"

నాసిర్ ఆటో దిగి లోపలికి పోయాడు.

మరుసటి రోజు పొద్దున శిల్ప ఇంటికి పదడుగుల దూరంలోనే ఆటో ఆపి దిగాడు. చేతికి కట్టుతో ఉన్న సుగుణమ్మ ఎదుటికి నడిచిపోయి నిలబడ్డాడు.

"ఆటో వస్తాందమ్మా."

"యాడ?"

చెయ్యి చూపించాడు. ఆమె పక్కకు జరిగింది. నాసిర్ వెనక్కి పోయి ఆటో ఎక్కి, బండి కదిలిస్తూ హారన్ కూడా కొట్టాడు.

సుగుణమ్మ ఉలిక్కిపడింది. "ఇప్పుడే చెప్తివి గదప్పా! మళ్లీ ఎందుకు?"

పైన మంజుశ్రీ నవ్వింది. శిల్ప సంచితో మెట్లు దిగింది. నాసిర్ వేలు మీట మీదే ఉంది. తీయాలో ఉంచాలో తెలియక, పాప ఎక్కేదాకా నొక్కకుండా అట్లాగే ఉంచాడు.