తిరుపతయ్య పేగు పరీక్ష

కరీంనగర్ నుంచి వచ్చి జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఇంజనీరుగా స్థిరపడిన తిరుపతయ్య, నలభై ఆరేళ్లకు నూట ముప్పై ఎనిమిది కిలోలకు చేరాడు. షుగరు అదుపు తప్పింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. చివరికి ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. డాక్టర్లు అతని జీర్ణాశయాన్ని చాలావరకు తీసేసి, అరటిపండంత గొట్టం మిగిల్చారు.

ఏడాదిలో నలభై కిలోలు తగ్గాడు. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. ఇంట్లో భార్య రత్నకుమారి మాత్రం నాలుగు ముద్దలకే లేచిపోయే మనిషిని చూసి ముభావంగా ఉండేది. ఆమె కోసం ఐదో ముద్ద తింటే అతనికి గుండెల్లో పట్టేసేది.

ఆమెకు చెప్పని సంగతి ఇంకొకటుంది. అతని తండ్రి పెద్దపేగు క్యాన్సర్‌తో పోయాడు. అందుకే ఆపరేషన్‌కు ముందు ఆసుపత్రివాళ్లు తమ పరిశోధన కోసం పెద్దపేగు లోపలి పొర నుంచి చిన్న ముక్క తీస్తామంటే సంతకం పెట్టాడు. ఏడాది తర్వాత మళ్లీ తీయాలి. ఇప్పుడా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, వచ్చింది. మత్తిస్తారు కాబట్టి ఇంటికి తీసుకెళ్లడానికి తోడు మనిషి ఉండాలన్నారు. ఇక దాచలేకపోయాడు.

"కోసింది పొట్టనైతే పేగునెందుకు చూస్తరు?" అంది రత్నకుమారి.

"పొట్ట చిన్నగైతే పేగు పొర ఎట్ల మారుతదో వాళ్లకు గూడ పూర్తిగ తెల్వదట. కొందరికి వాపు తగ్గుతదట. ఇంకో తీరు ఆపరేషన్ చేసినోళ్లల్ల కొందరికి పొరల కణాలు ఎక్కువ పెరిగినయట. అందుకే చూస్తున్నరు."

"ఏడాది సంది ఒక్కరే భయపడుకుంట కూసున్నరా?" అంది ఆమె. "నేనేమో నా వంట మొహం మొత్తిందనుకున్న."

అతను నిర్ఘాంతపోయాడు. "అయ్యో రత్నా! కడుపుల జాగ లేదు గని, మనసు లేక కాదు."

పరీక్ష ముందురోజు పేగు శుభ్రం కావడానికి ఆ ఉప్పటి మందునీళ్లు తాగలేక అతను అవస్థ పడుతుంటే, ఆమె ఎదురుగా కూర్చుని గ్లాసుకు గ్లాసు మంచినీళ్లు తాగింది. సగానికే ఆమె కడుపు ఉబ్బిపోయింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

పరీక్ష అయిన రెండు వారాలకు ఫలితం చెప్పడానికి పిలిచారు. డాక్టరమ్మ కాగితాలు తిప్పి, పొరలో మునుపున్న వాపు తగ్గిందని, కణాల పెరుగుదల ఎక్కువ కాలేదని చెప్పింది. "ఇది మీ ఒక్కరి సంగతి. అందరికీ ఇలాగే ఉంటుందని ఇంకా చెప్పలేం. మీ నాన్నగారి జబ్బు దృష్ట్యా మూడేళ్లకు మళ్లీ రండి," అంది.

బయట సన్నగా చలిగాలి. బస్‌స్టాపులో రత్నకుమారి భర్తను ఎగాదిగా చూసింది. పాత జాకెట్టు అతని మీద దుప్పటిలా వేలాడుతోంది.

"ఇన్ని రోజులు గిట్లనే తిరిగిన్రా? నేనన్న చూడకపోతి," అంటూ జిప్పు మెడదాకా లాగింది.

బస్సు వచ్చింది. ఆమె ఎక్కనివ్వలేదు. చేయి పట్టుకుని ఎదురుగా ఉన్న బట్టల దుకాణం వైపు నడిపించింది.