కంప్యూటర్ షాపులో ఎండుచేపల బుట్ట

ఆ రోజుల్లో నా కోపం ఎలాంటిదో మా ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. అందులో సగం వయసుది, ఒప్పుకుంటాను. మిగతా సగం మాత్రం ఒక ఇనుప డబ్బా మీద కోపం, అది న్యాయమైనదేనని ఇప్పటికీ అంటాను. కంప్యూటర్ పెట్టెలో వెనకవైపు ఉంటుంది ఆ డబ్బా. గోడలోంచి వచ్చే కరెంటు తీసుకుని లోపలి భాగాలకి ఎవరికి తగ్గట్టు వాళ్లకి పంచిపెట్టడం దాని పని. షాపుల్లో ఎస్‌ఎంపీఎస్ అంటారు. అది పోయిందంటే మిగతావన్నీ నిక్షేపంగా ఉన్నా పెట్టె పలకదు. మాది శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఊరు. శ్రీకాకుళంలో ఒక స్టూడియోలో పెళ్లి వీడియోలు తియ్యడం, మిక్సింగ్ చెయ్యడం నేర్చుకుని, మా ముందుగదిలో సొంతంగా మొదలుపెట్టాను. (ఆడపిల్ల కెమెరా పట్టుకుని తిరగడమేటని ముక్కు విరిచినవాళ్లే, వాళ్లింట్లో పెళ్లికి ముందుగా నా దగ్గరికే వచ్చేవారు.)

నాకు కంప్యూటర్ తయారుచేసి ఇచ్చిన షాపాయనకి మేము పెట్టుకున్న పేరు ‘ఏటవదు బాబు’. ఏం అడిగినా ముందు ‘ఏటవదు’, అంటే ఏమీ కాదు, అన్న మాటే వచ్చేది ఆయన నోట. మా ఊళ్లో కరెంటు ఎక్కుతూ దిగుతూ ఉంటుందండీ అంటే ‘ఏటవదు’. ఉప్పుగాలికి మా కిటికీ ఊచలే తినేస్తున్నాయండీ అంటే ‘ఏటవదమ్మా, వారంటీ ఉన్నాది కదా’. రెండు నెలలు తిరక్కుండా మొదటి డబ్బా టప్‌మని పేలి, గదంతా కాలిన వాసన కొట్టింది. తీసుకెళ్తే అదే రకం ఇంకోటి ఇచ్చాడు. అదీ పోయింది. అప్పుడు తప్పు సముద్రానిది అన్నాడు. మా సముద్రం నిన్నా మొన్నా వచ్చిందా, ఊరు ఎక్కడో చెప్పే కదా కొన్నాను అని అరిచి, మళ్లీ అదే రకం డబ్బా సంచిలో వేసుకుని ఇంటికొచ్చాను. బస్సులో దారంతా పళ్లు నూరుకున్నాను గానీ, పళ్లు నూరితే కంప్యూటర్లు బాగవవు.

ఆ మూడోది సరిగ్గా మా బావ పెళ్లి వీడియో చేస్తుండగా పోయింది. బావ అంటే మా మేనత్త కొడుకు. పెళ్లయి పట్టుమని నెల కాలేదు, మావాళ్లందరిలాగే గుజరాత్ బోట్లలో చేపల వేటకి వెళ్లిపోతున్నాడు. ఎల్లుండి ఆమదాలవలసలో రైలు. ఎక్కితే మళ్లీ వేసవి దాకా రాడు. కొత్త పెళ్లికూతురు నా దగ్గరికొచ్చి, ఆ వీడియో ఆయన ఫోన్లో వేసి పంపమని ఒక్కటే అడిగింది. అడిగి తల దించుకుంది. నేనేమో అలాగే అని మాటిచ్చేశాను. తీరా చూస్తే తలంబ్రాల దగ్గర తెర నల్లబడిపోయింది. ఏడుపు రావాల్సింది, కోపమే వచ్చింది. ఆ డబ్బాని విప్పి బయటికి లాగుతుంటే చెయ్యి కోసుకుంది కూడా.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. మా అత్త కూడా వచ్చింది. ఆవిడ ఎండుచేపలు అమ్ముతుంది, ఎలాగూ శ్రీకాకుళం వెళ్లాల్సిందే. పైగా కొడుకు వీడియో ఏమైందో తేల్చుకోవాలి. షాపులో ఏటవదు బాబు నన్ను చూడగానే నవ్వాడు. ఈసారి కంపెనీకి పంపాలి, రావడానికి పదిహేను రోజులు పడుతుంది, ఈలోగా ఏటవదు అన్నాడు. నేను గొంతు పెంచాను. ఆయన పెంచలేదు. మీ ఊరి కరెంటుకి పాడైంది గానీ నా సరుకులో లోపం లేదని, చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. ఆ నెమ్మదే నాకు ఒళ్లు మండించింది. నా దగ్గరున్న తిట్లన్నీ అయిపోయాయి, ఆయన మాత్రం అలాగే కూర్చున్నాడు.

అంతసేపూ నా పక్కన నిలబడ్డ మా అత్త, బుట్ట కిందకి దించి, ఏసీ ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని, బుట్ట మీది గోనె తీసేసింది. లోపల ఎండు నెత్తళ్లు, ఎండు సావళ్లు. తలుపులన్నీ మూసిన గది. కాసేపటికి వాసన మూలమూలకీ చేరింది. ల్యాప్‌టాప్ కొనడానికొచ్చిన ఒక జంట గుమ్మంలోనే ఆగి, ముక్కు మూసుకుని వెనక్కి తిరిగింది. బుట్ట బయట పెట్టమ్మా అన్నాడాయన.

“ఎండలో ఎడితే పాడైపోద్ది బాబూ. నీ కాడ సల్లగున్నాది” అంది అత్త.

“ఎండుచేప ఎండకి పాడవుద్దేటి?” అన్నాడు, అప్పటికి ఆయన గొంతు కూడా పెరిగింది.

“కరెంటు డబ్బా కరెంటుకి పాడైపోద్దని నువ్వే సెప్తన్నావు. నా సేప ఎండకి పాడవకూడదా?”

ఇంకో ఇద్దరు గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయాక, ఆయన లేచి, తను బిల్లులు కొట్టుకునే కంప్యూటరు ఆపి, దాని వెనక మరలు తనే విప్పి, అందులోని డబ్బా నా చేతిలో పెట్టాడు. అది తను వాడుకోవడానికి ఏరి తెచ్చుకున్న మంచి రకం. అంటే మంచి రకం ఏదో ఆయనకి ముందునుంచీ తెలుసన్నమాట! అది అర్థమయ్యాక నాకు కోపం రెట్టింపైంది. అత్త నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయింది, లేకపోతే ఆ డబ్బా ఆయన అద్దాల బల్ల మీదే పడేది.

మధ్యాహ్నానికి బిగించాను, సాయంత్రానికి వీడియో తయారైంది. బావ ఫోన్లో వేసుకుని రైలెక్కాడు. కొన్ని వారాలకి ఫోన్ చేసి, బోటు మీద ఖాళీ దొరికితే చాలు అందరూ అదే చూస్తున్నారని చెప్పాడు. “పెళ్లికూతుర్ని సూడ్డానిక్కాదే, నీ గొంతు ఇనడానికి” అన్నాడు నవ్వుతూ. తొందర్లో నేను కత్తిరించడం మర్చిపోయిన ఒక ముక్క ఉందట: తాళి కడుతుండగా కెమెరాకి అడ్డొచ్చిన పెద్దమనిషిని, “ఒరే మావా, నీ ఈపుకి కాదు పెళ్లి, పక్కకి జరుగు” అని నేను కేకేసిన ముక్క.

మొన్న విజయనగరంలో ఉన్న బావ కూతురు ఆ వీడియో నాకు పంపింది. ఆ కేక దగ్గర ఆపి, మళ్లీ వెనక్కి తిప్పి విన్నాను. ఇప్పుడు నేను పెళ్లిళ్లలో ఎవరైనా అడ్డొస్తే, కొంచెం జరుగుతారా అండీ అని అడిగి, వాళ్లు జరిగేదాకా నవ్వుతూ నిలబడతాను. చాలాసార్లు ఈలోగా తాళి కట్టడం అయిపోతుంది.