చురుక్కుమంటే మందు పట్టినట్టే

పద్నాలుగేళ్లుగా నా దగ్గర ఒక ఉత్తరం ఉంది. దాన్ని నేను చింపలేదు, తగలబెట్టలేదు, ఎవరికీ చూపించలేదు. ఇల్లు మారిన రెండుసార్లూ బట్టల మడతల్లో పెట్టి నేనే మోసుకెళ్లాను. ఒక కాగితానికి ఎంత బరువుంటుంది? ఇది మాత్రం ఏడాదికేడాది బరువెక్కింది. అందులో చేతిరాత నాది. మాటలు ఒక స్త్రీవి. అది చేరవలసిన మనిషినీ నేనే. ఆ సంగతి ఆమెకు తెలియదనే ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. తెలుసేమో అన్న అనుమానం మాత్రం ఒక్కరోజు కూడా నన్ను వదల్లేదు.

మీకు నా పేరు చెప్పను. పేరు చెప్పగలిగే ధైర్యమే ఉంటే ఈ మాట అప్పుడే చెప్పి ఉండేవాణ్ణి.

సోలాపూర్‌లో ఒక మరాఠీ దినపత్రికలో విలేకరిని. ఇల్లు భవాని పేట్‌లో, తెలంగాణ నుంచి వలసొచ్చిన నేతవాళ్లుండే సాలోళ్ల గల్లీలో. మా నాన్న రంగు కార్ఖానాలో నూలుకు రంగు వేసేవాడు. నేను మున్సిపాలిటీ, పోలీసు ఠాణా, కోర్టు వార్తలు రాసేవాణ్ణి. గల్లీలో అందరికీ నేను పేపరన్నను. కరెంటు పోయినా, నల్లా రాకపోయినా ముందు నా తలుపే కొట్టేవాళ్లు. ఆ పిలుపు నాకు ఇష్టంగా ఉండేది.

గల్లీకి తెలియని పని ఇంకొకటి చేసేవాణ్ణి. పత్రికలో వారానికోసారి స్త్రీల పేజీ వచ్చేది. అందులో అందం గురించి సలహాలిచ్చే శీర్షికను మొదలుపెట్టినావిడ ఉద్యోగం మానేసి పూనా వెళ్లిపోయింది. ఆమె పెట్టుకున్న కలం పేరు మాత్రం పేజీ మీద మిగిలిపోయింది. ఆ పేరు చివర తాయి అని ఉండేది. తాయి అంటే మరాఠీలో అక్క. ఆ పని నా నెత్తిన పడింది. శనగపిండి, పసుపు, పెరుగు మీగడ అంటూ రాసే ఆ అక్కను నేనే, ఇంత మీసం పెట్టుకుని. ఆఫీసులో నలుగురికి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. తెలియకూడదని నా పట్టుదల. ఎందుకంత పట్టుదల? నవ్వుతారని. నిజంగా అంతే. తరవాత జరిగినదానికంతటికీ వేరు వెతికితే నా చేతికి దొరికేది ఈ చిన్న సిగ్గే.

ఒక వారం మందుల ఏజెంటు ఆఫీసులో ఒక కరపత్రం వదిలి వెళ్లాడు. మంగు మచ్చలకూ, నల్లని ఒంటికీ కొత్తగా వచ్చిన ట్యూబు. రోజూ రాస్తే చాయ తేలుతుందట. ఆ వారం నాకు రాయడానికి వేరే ఏమీ దొరకలేదు. దాన్నే మరాఠీలోకి దించాను. కరపత్రం అడుగున చిన్న అక్షరాల్లో మూడు హెచ్చరికలు ఉన్నాయి. కొన్ని వారాలకు మించి వాడవద్దు. రాసుకుని ఎండలో తిరగవద్దు. మంట పుడితే వెంటనే ఆపి డాక్టరుకు చూపించాలి.

మొదటి రెండూ రాశాను. మూడోది తీసేశాను.

చాలా ఏళ్లు ఎడిటర్ తీసేయమన్నాడని అనుకున్నాను. అనలేదు. పేజీలో చోటు చాల్లేదని అనుకున్నాను. చోటుంది. ఆ వాక్యం నాకు చప్పగా అనిపించింది, ఆడవాళ్లను భయపెట్టేదిగా అనిపించింది, అంతే. దాని చోట్లో నాదొక వాక్యం పెట్టాను. నా చిన్నతనంలో మా నాన్న, కాగులో రంగునీళ్లు వేడెక్కుతుంటే వేలు ముంచి చూసేవాడు. వేలు కాలగానే "చురుక్కుమన్నది, ఇగ పట్టినట్టే" అని నూలు లడిని లోపలికి దించేవాడు. చల్లటి నీళ్లలో రంగు నూలును పట్టుకోదు. అది గుర్తొచ్చి ఇలా రాశాను: "మొదట్లో కాస్త మంటగా ఉంటుంది, భయపడకండి. చురుక్కుమంటే మందు పట్టినట్టే."

వాక్యం బాగా కుదిరిందని మురిసిపోయాను. అక్షరాలు కూర్చే అతను కూడా మెచ్చుకున్నాడు. ఇది ఒప్పుకోవడం మిగతా అన్నిటికన్నా కష్టంగా ఉంది. నేను మురిసిపోయాను. నూలుకు నొప్పి ఉండదన్న ముక్క నా బుర్రకు తట్టలేదు.

మా ఎదురింట్లో రాజమణి ఉండేది. మగ్గాల కార్ఖానాలో పనిచేసే అతని భార్య. ఆమె మామ, మా నాన్న ఒకే రంగు కార్ఖానాలో పనిచేసినవాళ్లు. రాజమణి బీడీలు చుట్టేది. మధ్యాహ్నం పూట ఏడెనిమిది మంది ఆడవాళ్లు ఆ ఇంటి అరుగు మీద చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లు. వాళ్లలో మరాఠీ చదవడం వచ్చింది రాజమణికే. పేపరు ఆమె చదివేది, మిగతావాళ్లు వినేవాళ్లు. చదివినంతసేపూ ఆమె చేతులు ఆగిపోతాయి కనక, తలా కొన్ని బీడీలు చుట్టి ఆమె చాటలో వేసేవాళ్లు. అది వాళ్లు పెట్టుకున్న పద్ధతి.

రెండో కాన్పు తరవాత రాజమణి చెంపల మీద మంగు లేచింది. "నీ మొకం మీద సోలాపూర్ జిల్లా నక్షా లేసిందే," అని ఆడవాళ్లు ఆటపట్టించేవాళ్లు. "పండరిపురం ఏడున్నదో సూపియ్యి, దండం పెట్టుకుంట," అని ఒక ముసలామె. రాజమణి కూడా నవ్వేది. తాయి శీర్షిక వాళ్లకు చదివి వినిపించిన మర్నాడే ట్యూబు తెచ్చుకుంది. మూడు వారాల్లో చాయ తేలింది. అరుగు మీది వాళ్లంతా తలా ఒకటి తెచ్చుకున్నారు. మంట పుట్టగానే ఒక్కొక్కరే మానేశారు. రాజమణి మానలేదు. కిటికీలోంచి ఆమె మాట నాకు వినపడింది: "గింత మంటకే భయపడ్తరా? తాయి రాసింది గద, చురుక్కుమంటే పట్టినట్టే."

అప్పుడే కిటికీలోంచి ఒక్క కేక వేస్తే సరిపోయేది. నేను ఆ మాటను మెప్పుగా విన్నాను.

కొన్ని వారాలని నేను రాసినదాన్ని కూడా ఆమె దాటేసింది. గుణం కనిపిస్తుంటే ఎవరాపుతారు? ఎండాకాలం వచ్చేసరికి చెంపల మీద తోలు ఊడింది. పోయిన మంగు ఇంకా నల్లగా తిరిగొచ్చింది. దాని మధ్య, సున్నం చిలకరించినట్టు తెల్లటి చుక్కలు. మందు రుద్దిన కుడిచేతి రెండు వేళ్ల మీద కూడా అవే చుక్కలు.

అప్పటినుంచి గల్లీ చూపు మారింది. బొల్లి అన్నారు కొందరు. పెద్దరోగం, అంటే కుష్ఠు, అన్నారు ఇంకొందరు, గొంతు తగ్గించి. అరుగు మీద ఎవరూ ఆమెను లెమ్మనలేదు. చాటలే రోజుకు కాస్త చొప్పున దూరం జరిగాయి. బీడీ నోట్లో పెట్టుకునే వస్తువు. బీడీలు అప్పజెప్పే కార్ఖానాలో, కట్టలు సరిచూసి తీసుకునే చెకర్ ఆమె వేళ్లు చూసి కట్టలు వెనక్కి తోసేశాడు.

ఆమె దవాఖానకు వెళ్లింది. చర్మం డాక్టరు ఇంగ్లీషులో చిట్టీ రాసిచ్చాడు. దాన్ని చదివి చెప్పమని నా దగ్గరికే తెచ్చింది. రోగం కాదు, ఎవరికీ అంటదు, మందు పడక అయింది, నల్లని ఒంటికి మంట తగిలితే మచ్చ మిగిలిపోతుంది అని అందులో ఉంది. అంతవరకూ చదివి చెప్పాను. చివర ఇంకొక వాక్యం ఉంది. మంట పుట్టిన మొదటి రోజే మందు ఆపవలసింది. అది చదవలేదు. ఆ ఒక్క మాటను నేను రెండుసార్లు తీసేశాను. మొదటిసారి తెలియక చేశానని చెప్పుకోవచ్చు. రెండోసారి?

నాలుగు రోజుల తరవాత ఒక మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. చేతిలో కొడుకు నోటుబుక్కులోంచి చింపిన కాగితం. ఆనాటి మాటలు నాకు ఇప్పటికీ వరస తప్పకుండా గుర్తున్నాయి.

"అన్నా, జర పెన్ను తీస్కో. తాయికి ఉత్తరం రాయాలె."

"నీకు రాయనొస్తది గద."

"నా రాత చూస్తే తాయి నవ్వుతది. నీ రాతకు ఇజ్జత్ ఉంటది."

"డాక్టర్ చిట్టీ ఉన్నది గద, అది చూపియ్యకపోయినవా చెకర్‌కు?"

"చూపిచ్చిన. చిట్టీ ఎవడన్న రాస్తడు, పేపర్ల పడ్తే చూద్దం అన్నడు. ఇగో, చెప్త, మరాఠీల రాయి. తాయీ, నీ మాట ఇని మందు రాసుకున్న. మంట లేస్తే పట్టిందని ఖుషీ అయిన. తప్పు నీదంటలేను. ఇది రోగం కాదు, మందుతోటి అయిందని నీ పేపర్ల రెండు లైన్లు ఎయ్యి. చెకర్ సదువుతడు. నా బీడీలు తీస్కుంటడు. రాసినవా?"

"రాసిన."

"అన్నా, ఒక్క ముచ్చట. ఆ తాయి మనోళ్ల పిల్లనా?"

"ఎందుకట్లంటవు?"

"చురుక్కుమంటే పట్టినట్టే అని మా మామ అంటుండె. మీ బాపు అంటుండె. అది రంగుల ఏలు ముంచినోళ్లకే ఎర్క. మరాఠోళ్ల తాయికి ఎట్ల ఎర్కయింది?"

"పేపరోళ్లకు అన్నీ ఎర్కయితయి."

ఆమె నా ముఖంలోకి చూసింది. "గట్లనా," అంది. "అన్నీ ఎర్కయినోళ్లకు ఇది గుడ ఎర్కయితది తియ్."

ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. పోస్టులో వేశానని మర్నాడు చెప్పాను.

ఆ రెండు లైన్లు వేయడం ఎంత సులువో మీకు చెప్పాలి. మా పత్రికలో తప్పు పడితే మర్నాడు చిన్న డబ్బా కట్టి ఖులాసా, అంటే సవరణ, అని వేసేవాళ్లం. పేరు తప్పు పడిందనో, వార్డు నంబరు మారిందనో నేనే ఎన్నో రాశాను. పది నిమిషాల పని. ఎడిటర్ కాదనేవాడు కాడు. నేనే అడగలేదు. ఖులాసా వేస్తే, మంట పుడితే ఆపమని ఎందుకు రాయలేదని ఎవరో ఒకరు అడుగుతారు. అసలు తాయి ఎవరని అడుగుతారు. పేపరన్న ముఖానికి రాసుకునే మందుల గురించి ఆడపేరుతో రాస్తాడని గల్లీ అంతా నవ్వుతుంది. ఒకవైపు ఈ నవ్వు. ఇంకోవైపు ఒక మనిషి నాలుగు వేళ్లు నోట్లోకి పోయే పని. నేను తూచాను. తూచి, ఊరుకున్నాను.

స్త్రీల పేజీ వచ్చే రోజున ఆమె నన్ను అడిగేది, తాయి ఏమన్నా రాసిందా అని. రెండు నెలల తరవాత అడగడం మానేసింది. ఆశ వదులుకుని మానేసిందా? తెలిసిపోయి మానేసిందా? ఠాణాలో దొంగల ముఖాలు చూసి అబద్ధం పసిగట్టగలనని గొప్పలు పోయేవాణ్ణి. ఆమె ముఖం మాత్రం నాకు అంతుపట్టలేదు. అరుగు మీద ఎవరు నవ్వినా నన్ను చూసే అనుకున్నాను. ఆమె నన్ను పలకరిస్తే పరీక్షిస్తోందనుకున్నాను, పలకరించకపోతే అందరికీ చెప్పేసిందనుకున్నాను. తప్పు చేసింది నేను, అనుమానించింది ఆమెను. ఒక దశలో ఆమె మీద కోపం కూడా వచ్చింది. నేరుగా అడగవచ్చు కదా అని.

కార్ఖానాలో ఆమె పని కార్డు రద్దయింది. ఆమె వెనక గదిలో కూర్చుని చుడితే, తోడికోడలు తన కార్డు మీద తనవిగా తీసుకెళ్లి అప్పజెప్పేది. రాజమణి చుట్టిన బీడీలు ఊరంతా కాల్చింది. రాజమణి పేరు ఎక్కడా లేదు. అరుగు మీద పేపరు చదివేవాళ్లు లేక, దాన్ని తెప్పించుకోవడమే మానేశారు. కొన్నాళ్లకు నేను ఆ శీర్షిక రాయనన్నాను. ఎవరూ కారణం అడగలేదు.

పోయిన నెలలో, బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ వెళ్లే బస్సులో ఆమెను చూశాను. మంగు చాలావరకు పోయింది. తెల్లచుక్కలు పోలేదు. నన్ను గుర్తుపట్టింది. తల ఊపి, సీటులో పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. జరుగుతూనే కుడిచేతిని కొంగు కిందికి లాక్కుంది. అందరి ముందూ అలవాటైన పనా? నా ముందు మాత్రమే చేసిందా? నాకు కనపడితే నేను బాధపడతానని చేసిందా? ఈ మూడో అనుమానాన్ని నేను తట్టుకోలేకపోయాను. ఆ ఖాళీ సీటు పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడి, నా స్టాపు రాకముందే దిగిపోయాను.

ఆమెను వెతుక్కుంటూ వెళ్లి చెప్పాలని మీరంటారు. వెళతానని మీకు మాటివ్వలేను. ఇచ్చి తప్పానంటే అది ఇంకొక తప్పవుతుంది. ఆ చెకర్ కూడా పని మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు ఏం వేసినా చదివి కట్టలు తీసుకునేవాడు లేడు. అయినా ఆ ఉత్తరం ఇవాళ మడత విప్పి బల్ల మీద పెట్టాను. దానికి జవాబు రాస్తున్నాను.

ఖులాసా: తాయి పేరుతో ఆ శీర్షిక రాసింది నేను. మంట పుడితే మందు ఆపాలన్న హెచ్చరికను తీసేసింది నేను. భవాని పేట్ రాజమణికి వచ్చింది రోగం కాదు, ఆ మందు వల్ల అయింది. ఆమె చేతుల్లో ఏ దోషమూ లేదు, ఎన్నడూ లేదు.

నాలుగు వాక్యాలు. ఆమె అడిగింది రెండే. రాయడానికి పది నిమిషాలు పట్టింది.