ఐదా, నాలుగా? నాయన కారు వెనక గేరు లెక్క

మా చిన్నప్పుడు... అంటే పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు... సూర్యాపేటలో మా ఇంటి ముందు నాయన కారు, వెనక చక్రం ఒకటి పైకి లేపి ఉంది. ఆ చక్రానికి సున్నంతో బొట్టు పెట్టి "ఈ బొట్టు సుట్టు తిరిగి మల్ల కిందికి రాంగనే చెప్పు బిడ్డా" అన్నాడు నాయన. ఆయన కారు ముందు వంగి, ఇంజనుకు తగిలించిన ఇనుప హ్యాండిల్ తిప్పుతున్నాడు. నేను ఎనిమిదేళ్లదాన్ని... లెక్కపెడుతున్నాను.

చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి హ్యాండిల్ రెండున్నర చుట్లు తిరిగింది. మూడుసార్లు చూశాం. మూడుసార్లూ రెండున్నరే!

ఎందుకీ తిప్పుడు అంటారా? అది గుడ్డ టాపు ఉన్న పాత కారు. నాయన దాన్ని కోదాడకు కిరాయికి నడిపేవాడు. వెనక ఇరుసు మధ్య డబ్బాలో రెండు పళ్లచక్రాలు ఉంటాయి... ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ఇంజను తిరుగుడును చక్రాలకు అందించేవి అవే. వాటి పళ్లు అరిగిపోయి కారు ఊరంతా వినపడేలా ఊళ పెట్టేది. ఇక మార్చక తప్పదు. మార్చేముందు పాతవాటి లెక్క ఎంతో తెలియాలని ఆ తిప్పుడు.

పైగా తొందర ఒకటి. మా అక్క మిర్యాలగూడలో, అత్తగారింట్లో... తొలిచూలు. పురుడు పుట్టింట్లోనే పోయాలి కదా! ఏడో నెల నిండటానికి ఇంకా నాలుగు రోజులే. "ఎనిమిదో నెల పడ్డదంటే పొలిమేర దాటనియ్యం" అని వాళ్ల అత్త ఖరాఖండిగా కబురు పెట్టింది. ఎడ్లబండిలో ఆ గతుకుల దారిన తెస్తే పిల్లకు ఏమవుతుందోనని అమ్మకు అన్నం సహించడం లేదు. కారే దిక్కు. కానీ దారిలో వాగు... ఇసుక... ఆ పైన గట్టు.

మెకానిక్ సత్తార్ మామ దగ్గర రెండు జతల పళ్లచక్రాలు ఉన్నాయి.

"గీ జత పెడితె ఇంజను ఐదు సుట్లకు చక్రం ఒక్క సుట్టు. జర నిదానం గని ఇసుకల గుంజుతది. గా జత నాలుగు సుట్లకు ఒకటి. కోదాడ రోడ్డు మీద ఉరుకుతది గని బలం తక్కువ. ఏది కావాలె అన్నా?"

నాయన నవ్వాడు. "మా పాతది రెండున్నరకు ఒకటి సత్తారూ! గంత తక్కువ బలంతోనే వాగు దాటింది. నాలుగంటె ఇగ ఏనుగే. నాలుగే పెట్టు."

"రెండున్నరనా?" సత్తార్ మామ గడ్డం గోక్కున్నాడు. "గసొంటిది నేనెన్నడు సూడలే..."

"నా బిడ్డ లెక్కబెట్టింది" అన్నాడు నాయన గొప్పగా. అంతే, ఆ లెక్క నా మెడకు చుట్టుకుంది.

అమ్మ, నాయన, నేను బయలుదేరాం. కారు ఉరికింది! బలం పెరిగితే వేగం తగ్గాలి కదా, మరి పాతదానికంటే జోరుగా ఎలా పోతోంది? నా చిన్న బుర్రకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నాయనను అడిగితే "మంచిదే గదనే!" అన్నాడు. పోయేటప్పుడు కారు మూలుగుతూనే వాగు దాటింది.

వచ్చేటప్పుడు అక్క ఎక్కింది, ఆమె ట్రంకు పెట్టె ఎక్కింది. వాగులో నీళ్లు పిక్కల దాకానే. కానీ మా వైపు గట్టు ఎక్కబోతే ఇంజను ఠక్కున ఆగింది. మళ్లీ స్టార్టు చేస్తే మళ్లీ ఆగింది. ఎగువన మబ్బు నల్లగా కమ్ముతోంది... వాగు ఎప్పుడు పొంగుతుందో దేవుడికే తెలియాలి.

అమ్మ దిగింది, నేను దిగాను. అక్క కూడా కాలు బయట పెట్టబోయింది. "నువ్వు దిగకు బిడ్డా! వట్టి మనిషివి కాదు, వాగుల కాలు పెట్టొద్దు" అని అమ్మ ఒకటే అరుపు. నాయన తల పట్టుకున్నాడు. "నా తెలివి తగలెయ్య! ఐదైతె ఇసుకల గుంజుతదని సత్తారు చెప్పినా ఇనకపోతి..." నేను వెక్కి వెక్కి ఏడ్చాను. లెక్కపెట్టింది నేనే కదా.

అప్పుడు అక్క అంది... "నాయనా, అన్ని గేర్లకన్న ఎనక గేరే బలం అంటుంటివి గద. బండి మలిపి ఎనకకే ఎక్కియ్యి."

"అయ్యో! తొలిచూలు బిడ్డను పుట్టింటికి ఎనకకెనకకు తోలుకపోతరానే ఎవలన్న?" అమ్మ గుండెలు బాదుకుంది.

అక్క నవ్వింది. "మొకం ఎటుంటె ఏందమ్మా... చేరేది నీ దగ్గరికే గద!"

నాయన నీళ్లలోనే కారు మలిపాడు. రివర్సు వేశాడు. బండి అంగుళం అంగుళం వెనక్కి పాకుతూ గట్టెక్కింది. పైకి చేరగానే కారు ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని భోరున ఏడ్చాడు. మా నాయన ఏడవగా నేను చూడటం అదే మొదలు.

తర్వాత సంగతంతా విని సత్తార్ మామ నోరు తెరిచాడు. "ఒక్క చక్రమే లేపినవా అన్నా? రెండోది నేల మీద కదలకుంటె లేపింది రెండింతలు తిరుగుతది. మీ రెండున్నరకు రెండింతలు... మీ పాతది గూడ ఐదే!"

చెబితే నవ్వుతారు... నేను ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను. ఆ లెక్క కాగితం మీద వేస్తే వస్తుంది, కాగితం మడిస్తే పోతుంది. కదలకుండా నేల మీద ఉన్న చక్రం, లేపిన చక్రాన్ని రెండింతలు ఎలా తిప్పుతుందండీ? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి, పుణ్యం ఉంటుంది.

మా నడిమింట్లో అక్కకు ఆడపిల్ల పుట్టింది... తల్లీబిడ్డా క్షేమం.

మొన్న నా మనవరాలు తన కారులో నన్ను మిర్యాలగూడ తీసుకుపోయింది. గేరు మార్చే పనే లేని కారు. మాటల్లో పడి వాగు ఎప్పుడు దాటామో కూడా చూసుకోలేదు, అంత పెద్ద బ్రిడ్జి. మీ ఇంటి ఆడపిల్లలను పురిటికి దేని మీద తెచ్చుకున్నారో రాయండి, ఒక్కొక్కటీ చదువుతాను. నాకిప్పుడు కారుంది, నున్నటి దారుంది... తోలుకొచ్చుకుందామంటే అక్కే లేదు.